ఎవరి మాట ఆప్తవాక్యం?



దేవాలయంలో గాయక బృందానికి గిటారు కొనాలంటే ఒకప్పుడు ఏం చేసేవాళ్లం? వాయించడం తెలిసిన పెద్దవాడిని ఒకరిని వెంటబెట్టుకొని పట్నంలో సంగీత వాద్యాల దుకాణానికి వెళ్లేవాళ్లం. ఆయన రెండు మూడు గిటార్లు చేతిలోకి తీసుకొని, శ్రుతి చేసి, మీటి చూసి, "ఇది పరవాలేదు" అనేవాడు. బేరమాడి తెచ్చుకొనేవాళ్లం. ఇప్పుడు మన పిల్లలు ముందుగా సెల్‌ఫోన్ తెరుస్తున్నారు. ఎక్కడో అమెరికాలోనో ఇంగ్లండులోనో గోడనిండా గిటార్లు వేలాడదీసుకొని కూర్చున్న ఒక సమీక్షకుడు కనబడతాడు. ఫలానా గిటారు కొనకపోతే మీ బతుకు వృథా అంటాడు. ఫలానాది పొయ్యిలో పెట్టడానికి కూడా పనికిరాదంటాడు. ఫలానా పెడల్ లేకుండా మంచి నాదం రాదంటాడు. మాట చురుకుగా ఉంటుంది, అభిప్రాయం ఘాటుగా ఉంటుంది. పిల్లలు నమ్ముతారు.

ఆ తర్వాత తల్లిదండ్రులు మా దగ్గరికి వస్తారు. "ఫాదర్‌గారూ, మావాడు ఇంట్లో ఉన్న గిటారు ముట్టుకోవడం మానేశాడు. ముప్పయి వేలది కావాలంటున్నాడు. ఆ వీడియోలో మనిషిని నమ్మొచ్చా?" అని అడుగుతారు. ముప్పయి వేలంటే మన విచారణల్లో చాలా కుటుంబాలకు చిన్న సొమ్ము కాదు. రెండు మూడు నెలల కూలి, లేదా తాకట్టుకు పోయే ఒక జత గాజులు. అందుకే ఈ ప్రశ్నను పిల్లల సరదా అని తోసెయ్యలేం. ముఖం తెలియని మనిషి మాట మీద ఒక తల్లి గాజులు తీసి ఇవ్వవచ్చా? ఎవరి మాట, ఏ మేరకు, ఎందుకు నమ్మాలి? ఇది నీతికి సంబంధించిన ప్రశ్న. ఈ వారం దీన్నే నెమ్మదిగా ఆలోచిద్దాం.

నమ్మడం బలహీనత కాదు

"ఎవరినీ నమ్మకు, నీ కళ్లతో చూసిందే నమ్ము" అని కొందరు సలహా ఇస్తారు. వినడానికి గంభీరంగా ఉంటుంది కాని ఆచరణలో నిలవదు. పునీత అగస్టీను తన ఆత్మకథ ఆరవ పుస్తకంలో ఈ సంగతినే విచారించాడు. తాను చూడని ఊళ్ల గురించి, తాను పుట్టకముందు జరిగిన సంగతుల గురించి ఎన్నింటిని ఇతరుల మాట మీద నమ్ముతున్నాడో లెక్క వేసుకొన్నాడు. చివరకు తాను ఫలానా తల్లిదండ్రుల బిడ్డననే సంగతి కూడా విని నమ్మిందే కదా అని గ్రహించాడు. నమ్మకమే లేకపోతే ఈ లోకంలో ఏ పనీ సాగదని తేల్చుకొన్నాడు.

పునీత తోమాసు అక్వినాసు కూడా ఇదే చెప్పాడు. మనుషులు ఒకరితో ఒకరు నిజం చెప్పుకొంటారనే నమ్మకం లేనిదే కలిసి బతకలేరని, అందుచేత నిజం చెప్పడం సాటి మనిషికి మనం తీర్చవలసిన ఒక విధమైన బాకీ అని ఆయన బోధ. అంతేకాదు, వివేకమనే సుగుణానికి ఉండవలసిన అంగాలలో ఇతరుల వద్ద నేర్చుకొనే వినయాన్ని ఒకటిగా లెక్కించాడు. ఒక మనిషి జీవితకాలంలో అన్నీ స్వయంగా తెలుసుకోలేడు. కనుక అనుభవజ్ఞుల మాట వినేవాడే వివేకి.

కాబట్టి గిటారు గురించి తెలియని పిల్లవాడు తెలిసినవాడి మాట వినాలనుకోవడంలో తప్పు లేదు, అది మంచి లక్షణమే. ఆ తెలిసినవాడు ఎవరన్నదే ప్రశ్న.

ఆప్తుడంటే ఎవరు?

మన దేశపు తత్త్వశాస్త్రంలో దీనికి చక్కని సమాధానం ఉంది. న్యాయ దర్శనం జ్ఞానానికి నాలుగు మార్గాలు చెబుతుంది: ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం, శబ్దం. శబ్దమంటే ఆప్తుని మాట. మరి ఆప్తుడెవరు? న్యాయసూత్రాలకు భాష్యం రాసిన వాత్స్యాయనుడు రెండు లక్షణాలు చెప్పాడు. మొదటిది, ఆ విషయాన్ని అతడు స్వయంగా ఎరిగి ఉండాలి. రెండవది, తాను ఎరిగినదాన్ని ఎరిగినట్టే చెప్పాలనే కోరిక అతనికి ఉండాలి. ఈ రెండూ ఉంటే అతడు ఋషి అయినా, ఆర్యుడైనా, మ్లేచ్ఛుడైనా ఆప్తుడే అన్నాడు ఆ భాష్యకారుడు. కులం, దేశం, హోదా అడ్డు కావు.

మన శ్రీసభ బోధలోనూ ఇదే సూత్రం మరోవిధంగా కనబడుతుంది. 1870లో మొదటి వాటికన్ మహాసభ విశ్వాసాన్ని గురించి బోధిస్తూ, దేవుని మాటను మనం సంపూర్ణంగా ఎందుకు నమ్ముతామో చెప్పింది. ఆయన మోసపోడు, మోసగించడు, అందుకని. ఇక్కడ కొంచెం ఆగి ఆలోచించండి. ఈ రెండు మాటలు దేవుని గురించి చెప్పినవే అయినా, మనిషి మాట ఎక్కడ పగులుతుందో కూడా ఇవే చూపిస్తున్నాయి. మనిషి తాను మోసపోయి తప్పు చెప్పవచ్చు, లేదా తెలిసి ఇతరులను మోసగించవచ్చు. ఈ రెండు పగుళ్లూ లేని సాక్షి దేవుడొక్కడే. మిగిలిన ఏ సాక్షినైనా ఈ రెండు చోట్ల తట్టి చూడక తప్పదు.

మన తెలుగులో ఒక చిక్కు ఉంది. ఆప్తుడంటే మనం దగ్గరివాడని, ఇష్టమైనవాడని అర్థం చెప్పుకొంటాం. శాస్త్రంలో ఆప్తుడు నమ్మదగినవాడు. ఈ రెండు అర్థాలూ కలిసిపోతేనే ప్రమాదం. వీడియో సమీక్షకుడు మనకు రోజూ కనబడతాడు. నవ్విస్తాడు. తన ఇల్లు, తన కుక్కపిల్ల, తన కాఫీ కప్పు చూపిస్తాడు. ఆరు నెలలు తిరిగేసరికి మన ఇంటి మనిషి అయిపోతాడు. అంటే మొదటి అర్థంలో ఆప్తుడయ్యాడు. దానిని చూసి, రెండవ అర్థంలో కూడా ఆప్తుడేనని మనసు అనుకొంటుంది. అతనికేమో మన పేరు కూడా తెలియదు!

ఇప్పుడు ఆ రెండు పరీక్షలూ పెట్టి చూద్దాం.

మొదటి పరీక్ష: ఎరిగి చెబుతున్నాడా?

మనిషి ఎంత నిజాయితీపరుడైనా తన చెవి తననే మోసగించవచ్చు. గిటారు లోకంలో దీనికి చక్కని దృష్టాంతం ఉంది. గిటారు వెనుకభాగం, పక్కభాగాలు ఏ కర్రతో చేస్తే మంచి నాదం వస్తుందన్నది తరతరాల వాదన. బ్రెజిల్ రోజ్‌వుడ్‌ను మించినది లేదని ఎందరో సమీక్షకులు, వాద్యకారులు గట్టిగా చెబుతూ వచ్చారు. ఇంగ్లండులో లాంకాస్టర్ విశ్వవిద్యాలయం శాస్త్రజ్ఞులు ఒక గిటారు శిల్పి సహకారంతో ఆరు గిటార్లు చేయించారు. అన్నీ ఒకే నమూనా, వెనుక, పక్కల కర్ర మాత్రమే వేరు. బ్రెజిల్ రోజ్‌వుడ్, మన భారతదేశపు రోజ్‌వుడ్, మహాగని, మేపుల్, సపేలీ, వాల్‌నట్. 52 మంది గిటారు వాద్యకారులకు, మసక వెలుతురులో వెల్డింగు కళ్లజోళ్లు పెట్టి, ఏది ఏ కర్రో కనబడకుండా వాయించమని ఇచ్చారు. 2018లో ప్రచురించిన ఫలితం ఏమిటంటే, ఆరింటికీ వారిచ్చిన మార్కులలో చెప్పుకోదగ్గ తేడా లేదు. ధరలో మాత్రం ఆ కర్రల మధ్య ఎంతో తేడా ఉంది.

వయొలిన్ల విషయంలోనూ ఇలాగే జరిగింది. 2010లో అమెరికాలోని ఇండియానాపొలిస్‌లో 21 మంది వయొలిన్ వాద్యకారులకు కళ్లు కనబడకుండా కొత్త వయొలిన్లు మూడు, వందల ఏళ్ల నాటి ఇటలీ వయొలిన్లు మూడు ఇచ్చారు. ఆ పాతవాటిలో రెండు జగత్ప్రసిద్ధమైన స్ట్రాడివారి వయొలిన్లు. ఎక్కువమంది ఇంటికి తీసుకుపోతామన్నది కొత్తవాటినే. అందరికంటె తక్కువ నచ్చిన వాటిలో ఒక స్ట్రాడివారి ఉంది.

దీనివల్ల కర్రకు విలువే లేదని అనకూడదు. ఆ ప్రయోగంలో గిటార్ల ముందుపలక అన్నింటికీ ఒకటే. ముందుపలక ప్రభావం వేరు, పనితనం ప్రభావం వేరు. మనం నేర్చుకోవలసిందల్లా ఇంతే: కంటికి కనబడిన పేరు, ధర చెవిలో దూరి వినబడతాయి. వారెవరూ అబద్ధాలకోరులు కారు. వారు మనుషులు. వారిని చూసి మనం నేర్చుకోవలసిన వినయం ఇది.

ఈ నమ్మకానికి మూల్యం చెల్లించింది జేబు ఒక్కటే కాదు. బ్రెజిల్ రోజ్‌వుడ్ చెట్లు అంతరించిపోయే దశకు రావడంతో 1992 నుంచి దాని అంతర్జాతీయ వ్యాపారాన్ని కఠినంగా కట్టడి చేయవలసి వచ్చింది. ఆ చెట్లు నరికింది గిటార్ల కోసం మాత్రమే కాదు, నిజమే. అయినా పరీక్షించని ఒక అభిప్రాయానికి అడవి కూడా తన వంతు చెల్లించింది. దేవుడు చేసిన సృష్టిని కాపాడమని 2015లో ఫ్రాన్సిస్ జగద్గురువులు లౌదాతో సీ పత్రం ద్వారా మనల్ని వేడుకొన్నారు. ఆ వేడుకోలు ఇటువంటి చిన్న విషయాల్లోనూ వర్తిస్తుంది.

ఇంకొక సంగతి. వీడియోలో మనం వినేది గిటారును కాదు. సమీక్షకుని వేళ్లు, అతని మైకు, అతని గది, అతని యాంప్లిఫయర్ అన్నీ కలిసి మన సెల్‌ఫోన్‌లో గోరంత స్పీకరు గుండా బయటికి వస్తాయి. గిటారు ఆరవ తీగను ఖాళీగా మీటితే సెకనుకు సుమారు 82 కంపనలు పుడతాయి. అంత లోతైన నాదాన్ని ఆ చిన్న స్పీకరు సరిగా పలికించలేదు. మరి ఆ వీడియో విని, "ఆహా, దీని కింది స్థాయి నాదం ఎంత బాగుంది" అని మనం దేన్ని మెచ్చుకొంటున్నాం?

అయితే నేర్పు అనేదే లేదని కూడా అనకూడదు. డేవిడ్ హ్యూమ్ అనే తత్త్వవేత్త 1757లో అభిరుచి గురించి రాసిన వ్యాసంలో, సెర్వాంటెస్ నవలలోని ఒక కథను గుర్తుచేశాడు. ఇద్దరు మనుషులను ఒక పీపాలోని ద్రాక్షసారాయం రుచి చూడమన్నారు. బాగుంది కాని కొంచెం తోలు వాసన ఉందన్నాడు ఒకడు. బాగుంది కాని కొంచెం ఇనుము రుచి తగులుతోందన్నాడు రెండోవాడు. చుట్టూ ఉన్నవాళ్లు ఇద్దరినీ ఎగతాళి చేశారు. పీపా ఖాళీ అయ్యాక అడుగున ఒక పాత తాళపుచెవి దొరికింది, దానికి ఒక తోలుపట్టీ కట్టి ఉంది. హ్యూమ్ మతవిశ్వాసాన్ని మనం అంగీకరించలేకపోయినా, ఈ కథలోని నీతిని కాదనలేం. నిజమైన నేర్పరి ఉంటాడు. అయితే అతని నేర్పును రుజువు చేసింది అతని గొంతు కాదు, పీపా అడుగున దొరికిన తాళపుచెవి.

కాబట్టి సమీక్షకుని మాటల్లో తాళపుచెవి దొరికే మాటలేవో, దొరకని మాటలేవో వేరు చేయండి. "ఈ గిటారు మెడ వంగి ఉంది", "పన్నెండవ ఫ్రెట్ దగ్గర శ్రుతి తప్పుతోంది", "తీగలు మరీ ఎత్తుగా ఉన్నాయి, కొత్తవారి వేళ్లు కోసుకుపోతాయి" అంటే అవి ఎవరైనా చూసి తేల్చుకోగల మాటలు. "దీని నాదంలో ఆత్మ ఉంది", "ఇది పాడదు, ఏడుస్తుంది" అంటే తేల్చుకొనే మార్గం లేదు. మొదటి రకం మాటలు ఎక్కువ చెప్పేవాని దగ్గర నేర్చుకోవచ్చు. రెండో రకమే ఎక్కువ చెప్పేవాని దగ్గర కాలక్షేపం అవుతుంది, అంతే.

రెండవ పరీక్ష: ఉన్నది ఉన్నట్టు చెబుతున్నాడా?

ఈ సమీక్షకులలో కొందరికి కంపెనీలే గిటార్లు ఉచితంగా పంపుతాయి. కొందరికి వీడియోకింత అని సొమ్ము ఇస్తాయి. కొందరు వీడియో కింద ఒక లింకు పెడతారు, దాన్ని నొక్కి మనం కొంటే వారికి వాటా ముడుతుంది. ఇవన్నీ పాపాలా? కావు. డాక్టరుగారు ఫీజు తీసుకొంటారు, అందుచేత ఆయన చెప్పింది అబద్ధం కాదు. పనివాడు తన కూలికి అర్హుడని క్రీస్తునాథుడే బోధించాడు. అయితే సాక్షి వేరు, అమ్మేవాడు వేరు. అమ్మేవాడు సాక్షి వేషం వేసుకొంటేనే తప్పు. కోర్టులో సాక్షి ఒక పక్షం నుంచి డబ్బు తీసుకొన్నాడని తెలిస్తే న్యాయమూర్తి అతని మాటను ఎలా తూస్తారో మనకు తెలుసు. ఆ డబ్బు సంగతి దాస్తే ఇంకెలా తూస్తారు?

ప్రభుత్వాలు కూడా ఈ తేడాను గుర్తించాయి. మన దేశంలో 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద 2022 జూన్‌లో మార్గదర్శకాలు వచ్చాయి. 2023 జనవరిలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ మరింత వివరంగా చెప్పింది. సొమ్ము, బహుమానం, ఉచిత వస్తువు, ఏది అందుకొన్నా, ఆ సంగతి చూసేవారికి స్పష్టంగా తెలియజేయాలన్నది నియమం. అమెరికాలో 2024లో కల్పిత సమీక్షలను నిషేధిస్తూ నియమం చేశారు. శ్రీసభ అంతకు ముందే, 1997లో వాటికన్‌లోని సామాజిక ప్రసార సాధనాల మండలి ప్రకటనల నీతి మీద వెలువరించిన పత్రంలో మూడు కొలతలు చెప్పింది: సత్యం, మానవ గౌరవం, సమాజం పట్ల బాధ్యత. గిటారు సమీక్షకునికీ ఈ మూడు కొలతలు చాలు.

ఇక్కడ ఒక సూక్ష్మం ఉంది. అబద్ధం ఆడకుండానే మోసం చేయవచ్చు. నచ్చిన వస్తువు గురించి వీడియో తీసి, నచ్చనిదాన్ని మాట్లాడకుండా తిరిగి పంపేస్తే, అతడు చెప్పిన ప్రతి మాటా నిజమే కావచ్చు. చూసేవారికి మాత్రం లోకంలో చెడ్డ గిటారే లేదనిపిస్తుంది. అందుకని ఒక సమీక్షకుని గురించి మొదట అడగవలసిన ప్రశ్న ఇది: తనకు ఉచితంగా వచ్చిన వస్తువును ఇతడు ఎప్పుడైనా "ఇది కొనకండి" అన్నాడా? తన లాభానికి విరుద్ధంగా పలికిన ఒక్క మాట, లాభానికి అనుకూలంగా పలికిన వంద మాటల కంటె బరువైనది.

ఘాటుగా మాట్లాడితే నిజాయితీయేనా?

దీన్ని గ్రహించిన కొందరు సమీక్షకులు వేరే దారి పట్టారు. అన్నింటినీ తిడతారు. "నేనెవరికీ భయపడను, ముఖం మీదే చెబుతాను" అంటారు. మనకూ అది నచ్చుతుంది. డబ్బు తీసుకొన్నవాడు పొగుడుతాడు కాబట్టి తిట్టేవాడు డబ్బు తీసుకోలేదని, కనుక నిజం చెబుతున్నాడని అనుకొంటాం. ఈ తర్కంలో లోపం ఉంది. తిట్టుకూ గిరాకీ ఉంది. తగవు జరిగే చోట జనం చేరడం మన ఊరి సెంటరులో చూడమా? ఎంతమంది చూస్తే అంత ఆదాయం వచ్చే చోట, కోపం కూడా ఒక సరుకే. పొగడ్త అమ్ముకొనేవాడు, తిట్టు అమ్ముకొనేవాడు ఇద్దరూ వర్తకులే.

పైగా ఎనిమిదవ ఆజ్ఞ అబద్ధపు పొగడ్తనే కాదు, పొరుగువాని పేరు చెడగొట్టడాన్ని కూడా నిషేధిస్తుంది. తగిన ఆధారం లేకుండా ఇతరులలో తప్పు ఉందని నిర్ధారించుకోవడం, అబద్ధంతో వారి కీర్తిని నాశనం చేయడం పాపాలని కతోలిక శ్రీసభ సత్యోపదేశం బోధిస్తుంది. వస్తువులో లోపం చెప్పడం కొనేవానికి మేలు చేయడమే, అది కావలసిందే. కాని ఒక్క గిటారు చూసి, దాన్ని చేసినవాళ్లందరూ దొంగలనడం వేరు. పెద్ద కంపెనీ ఆ దెబ్బకు తట్టుకొంటుంది. కుటుంబమంతా కలిసి చిన్న కార్ఖానాలో పనిచేసుకొనేవాళ్లు తట్టుకోలేరు. పునీత లొయోలా ఇజ్ఞాసివారు తన ఆధ్యాత్మిక సాధనల ప్రారంభంలోనే ఒక నియమం పెట్టారు. పొరుగువాడు అన్న మాటను ఖండించడానికి తొందరపడకుండా, వీలైతే మంచి అర్థంలో తీసుకోవడానికి సిద్ధంగా ఉండాలన్నారు. తిట్టి పేరు తెచ్చుకొనే సమీక్షకునికి, ఆ తిట్టు విని చప్పట్లు కొట్టే మనకు, ఇద్దరికీ ఈ నియమం అవసరమే.

మన వైపు ఉన్న లోపం

సమీక్షకుని ఇంతసేపు పరీక్షించాం. మరి మనల్ని? మనం అతని దగ్గరికి నిజంగా సలహా కోసమే వెళుతున్నామా? చాలాసార్లు మన మనసులో కోరిక ముందే పుట్టి ఉంటుంది. దానికి ఒక సాక్షి కావాలి. పది వీడియోలు చూస్తాం, తొమ్మిది వద్దంటే పదోదాన్ని నమ్ముతాం.

పొరుగింటి పుల్లకూర రుచి అని మన పెద్దలు ఊరికే అనలేదు. అమెరికా గిటారువాళ్లు కూడా ఈ జబ్బుకు వేళాకోళంగా ఒక పేరు పెట్టుకొన్నారు: సామాను పోగుచేసే రోగం అని. 1994లో మసాచుసెట్స్‌లో ఒకాయన క్లోన్ సెంటార్ అనే పెడల్‌ను చేతితో తయారుచేసి అమ్మడం మొదలుపెట్టాడు. లోపలి అమరిక ఎవరికీ కనబడకుండా గట్టి జిగురుతో కప్పేశాడు. కాలక్రమంలో దాని చుట్టూ ఎన్ని కథలు అల్లుకొన్నాయంటే, ఈనాడు పాతది ఒకటి వేల డాలర్లకు అమ్ముడుపోతోంది. విచిత్రమేమిటంటే, అదే మనిషి తరువాత చేసిన కొత్త నమూనా మీద, ఈ అర్థంలేని ఆర్భాటం తాను పుట్టించినది కాదని అచ్చువేయించాడు. తయారుచేసినవాడే వద్దంటున్నా జనం వినలేదు! అంటే మనల్ని మోసగించేది ప్రతిసారీ చెప్పేవాడు కాదు. మన ఆశ కూడా ఒక సమీక్షకుడే, అది పైసా తీసుకోకుండా పక్షపాతం చూపుతుంది. పదవ ఆజ్ఞ హృదయంలోని ఆశను పట్టుకొన్నది ఇందుకే.

రెండవ వైపు లోపం కూడా చెప్పుకోవాలి. అన్నింటినీ అనుమానించడం తెలివి అనుకొనేవాళ్లున్నారు. మన దేశానికి సువార్త తెచ్చిన అపోస్తలుడు పునీత తోమాను గుర్తుచేసుకోండి. ప్రభువు లేచాడని పదిమంది చెప్పారు. వారు అపరిచితులు కారు, తనతో కలిసి తిని, నడిచి, ప్రభువు వెంట తిరిగినవాళ్లు. ఆయన్ను కళ్లారా చూసినవాళ్లు. దీనివల్ల వారికి లాభం లేదు, ప్రమాదమే ఉంది. శాస్త్రం చెప్పిన లక్షణాలన్నీ ఉన్న ఆప్తులు వారు. అయినా తోమా నమ్మలేదు. ప్రభువు ఆయన్ను కరుణించి తన గాయాలు చూపాడు, కాని మెచ్చుకోలేదు. నమ్మదగినవారిని నమ్మకపోవడం కూడా లోపమే. ఇంటి పక్కనున్న అనుభవజ్ఞుని మాట చేదుగా, సముద్రాల అవతలివాని మాట తీపిగా అనిపించినప్పుడు మనం ఈ లోపంలోనే ఉన్నాం.

మరి ఏం చేయాలి?

తల్లిదండ్రులకు, యువతకు నేను చెప్పదలచుకొన్నది మూడు మాటలు.

ఒకటి, సమీక్షకుని దగ్గర సమాచారం తీసుకోండి, తీర్పు తీసుకోకండి. ఒక గిటారు ఎలా ఉందో అతడు చెప్పగలడు. అది మీకు అవసరమా అన్నది చెప్పలేడు. మీ ఇంటి అప్పు అతనికి తెలియదు. మీ చెల్లెలి కాలేజీ ఫీజు తెలియదు. మన సముద్రతీరపు గాలిలోని తేమకు తీగలు ఎంత త్వరగా తుప్పుపడతాయో, అచ్చం ఒకే చెక్కతో చేసిన ఖరీదైన ముందుపలక ఆ తేమకు ఎలా ఉబ్బుతుందో, ప్లైవుడ్ పలక ఎలా తట్టుకొంటుందో చలిదేశంలో కూర్చున్న అతనికి అనుభవంలో లేకపోవచ్చు.

రెండు, చేతికి అందే సాక్ష్యాన్ని వదలకండి. దుకాణంలో గిటారు చేతిలోకి తీసుకోండి. పన్నెండవ ఫ్రెట్ దగ్గర తీగను వేలితో తేలికగా తాకి మీటండి, తరువాత అదే చోట నొక్కి మీటండి. రెండు నాదాలూ ఒకటిగా పలకకపోతే శ్రుతిలో లోపం ఉంది. మెడను కంటికి సూటిగా పెట్టి చూడండి. తెలిసినవారిని ఒకరిని వెంట తీసుకువెళ్లండి. కళ్లు మూసుకొని రెండు గిటార్లు ఆయన చేత వాయింపించుకొని వినండి, అప్పుడు ధరలు అడగండి. ఇంట్లో పాత గిటారు ఉంటే ముందుగా కొత్త తీగలు వేయించి, ఎత్తు సరిచేయించండి. కొత్త గిటారు కావాలనే కోరిక అక్కడితో తీరిపోయినా తీరిపోవచ్చు.

మూడు, ఎందుకు కొంటున్నామో మరవకండి. 1963లో రెండవ వాటికన్ మహాసభ పవిత్ర దైవార్చన సంవిధానంలో, పైప్ ఆర్గన్‌తో పాటు ఇతర వాద్యాలను కూడా తగిన అధికారుల సమ్మతితో ఆరాధనలో వాడుకోవచ్చని అనుమతించింది. అందుకు పెట్టిన కొలతలు ఏమిటి? పవిత్ర కార్యానికి తగినదై ఉండాలి, దేవాలయ గౌరవానికి తగ్గట్టుండాలి, విశ్వాసుల భక్తిని పెంపొందించాలి. బ్రాండు పేరు, ధర ఆ కొలతల్లో లేవు. దివ్యపూజలో ప్రజలను పాడించే గిటారు మంచి గిటారు. ప్రజలు పాట ఆపి చూసే గిటారు ఎంత ఖరీదైనా ఆ పనికి తగినది కాదు.

ఈ మూడు మాటలు గిటారుకే పరిమితం అనుకోకండి. మందుల గురించి, స్థలాల గురించి, పొదుపు పథకాల గురించి వీడియోల్లో చెప్పేవారికీ ఇవే పరీక్షలు పెట్టండి. వీడియోలో వాక్యం చెప్పి, చివర బ్యాంకు ఖాతా నంబరు చూపించేవారికి మరీ ముఖ్యంగా పెట్టండి. మా ప్రసంగాలకు కూడా పెట్టండి. బెరయా పట్టణంలోని ప్రజలు పౌలు అంతటివాని బోధను సైతం లేఖనాలతో సరిచూసుకొన్నారు. అపోస్తలుల కార్యాల గ్రంథం వారిని తప్పుపట్టలేదు, వారి ఉదాత్త గుణాన్ని మెచ్చుకొంది. ఆశగా విన్నారు, శ్రద్ధగా సరిచూశారు. వినడం, సరిచూడడం ఒకదానికొకటి శత్రువులు కావని వారిని చూసి నేర్చుకోవచ్చు.

చివరిగా ఒక్క మాట. సమీక్షకులు వీడియోల్లోనే ఉంటారనుకోకండి. ఈ వారంలోనే ఎవరో ఒకరు మిమ్మల్ని అడుగుతారు: "వదినా, ఆ స్కూలు మంచిదేనా?" "అన్నయ్యా, ఆ కుటుంబం ఎలాంటిది, పిల్లనివ్వొచ్చా?" "మాస్టారూ, ఆ మేస్త్రీ పని బాగా చేస్తాడా?" అప్పుడు సాక్షి బోనులో నిలబడేది మీరు. 2023 మేలో వాటికన్ సమాచార విభాగం సామాజిక మాధ్యమాల మీద వెలువరించిన ధ్యానపత్రం కూడా, మనలో ప్రతివారికీ ఇతరుల మీద ఎంతో కొంత ప్రభావం ఉంటుందని, దాన్ని బాధ్యతగా తీసుకోవాలని గుర్తుచేసింది. మీకు స్వయంగా తెలిసినదెంతో, విన్నదెంతో విడదీసి చెప్పండి. ఆ మేస్త్రీ మీ బావమరిది అయితే ముందుగా ఆ సంగతే చెప్పండి. తెలియనప్పుడు "నాకు తెలియదమ్మా" అనండి. మీ మాట మీద కూడా ఒక తల్లి గాజులు తీసి ఇవ్వవచ్చు.

సత్యస్వరూపుడైన ప్రభువు మన చెవులకు వివేకాన్ని, మన నాలుకలకు నిజాయితీని దయచేయునుగాక.